44 పాయింట్ల వెనుక లెక్క

అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ చరిత్రలో 44 అనే సంఖ్య రెండు చోట్ల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి 1967 నుంచి 1970 వరకు మూడు సీజన్లలో 83 మ్యాచ్‌లు ఆడిన పీట్ మారవిచ్ మ్యాచ్‌కు సగటున 44.2 పాయింట్లు సాధించగా, 1973 జాతీయ ఫైనల్లో మెంఫిస్ స్టేట్‌పై యూసీఎల్ఏ ఆటగాడు బిల్ వాల్టన్ సరిగ్గా 44 పాయింట్లు చేశాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం తెలియాలంటే, పాయింట్లు ఎన్ని వచ్చాయన్నది కాక, ఎన్ని అవకాశాలు వెచ్చిస్తే వచ్చాయన్నది చూడాలి.

బుట్టలో పడిన షాట్లను వేసిన షాట్లతో భాగించే పాత శాతం ఇందుకు చాలదు. 1986-87 సీజన్ నుంచి పురుషుల కళాశాల ఆట అంతటా మూడు పాయింట్ల గీత అమలులోకి రావడంతో, పది షాట్లలో ఆరు రెండు పాయింట్లవి బుట్టలో వేసినవాడూ, నాలుగు మూడు పాయింట్లవి బుట్టలో వేసినవాడూ చెరి 12 పాయింట్లే తెచ్చినా, పాత లెక్క మొదటివాణ్ని 60 శాతం దగ్గర, రెండోవాణ్ని 40 శాతం దగ్గర నిలబెడుతుంది. పైగా ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక్క పాయింటు షాట్లు, అందులో లెక్కకే రావు.

ఈ రెండు లోపాలనూ సరిదిద్దేదే ట్రూ షూటింగ్ శాతం. వేసిన షాట్లకు, ప్రయత్నించిన ఫ్రీ త్రోలలో ఒక భాగాన్ని కలిపి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగిస్తారు. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి కనుక ఒక్కోటి అర అవకాశంతో సమానం కావాలి. అయితే షాట్ పడ్డాక అదనంగా దక్కే ఫ్రీ త్రోకు కొత్త అవకాశం ఖర్చు కాదు కనుక ఆ భాగం అరకు కాస్త తగ్గుతుంది. వృత్తిపరమైన ఆటకు 0.44 వాడే విశ్లేషకులు కళాశాల ఆటకు తరచు 0.475 తీసుకుంటారు, మొదటిది పడితేనే రెండోది దక్కే ఫ్రీ త్రో పద్ధతి పురుషుల కళాశాల ఆటలో ఉండటం ఈ తేడాకు ఒక కారణం.

వాల్టన్ 22 షాట్లలో 21, ఐదు ఫ్రీ త్రోలలో రెండు బుట్టలో వేశాడు: ట్రూ షూటింగ్ 90 శాతం. మారవిచ్ 3,166 షాట్లలో 1,387, 1,152 ఫ్రీ త్రోలలో 893 వేసి 3,667 పాయింట్లు చేశాడు: 49 శాతం పైచిలుకు.

ఇంతటితో తీర్పు చెప్పేస్తే మారవిచ్‌కు అన్యాయం జరుగుతుంది. వాల్టన్‌ది ఒక్క రాత్రి మెరుపు; ఆ మ్యాచ్‌లో అతని సహచరుడు గ్రెగ్ లీ ఒక్కడే 14 అసిస్టులు, అంటే నేరుగా బుట్టకు దారితీసిన పాస్‌లు, అందించాడు. మారవిచ్ మాత్రం మ్యాచ్‌కు సగటున 38 షాట్ల భారం మూడేళ్లపాటు మోశాడు. జట్టు అవకాశాల్లో ఒక ఆటగాడి చేతిలో ముగిసేవాటి వంతును యూసేజ్ అంటారు. అది పెరిగే కొద్దీ సామర్థ్యం తగ్గడం సహజమని గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ 2004 నాటి తన పుస్తకంలో వివరించాడు. కనుక ఏ శాతాన్నయినా ఆ వంతును పక్కన పెట్టుకునే చదవాలి. దూరం నుంచి ధారాళంగా షాట్లు వేసిన మారవిచ్ కాలంలో మూడు పాయింట్ల గీత లేదన్నదీ మరవరాదు: అతని బుట్టల్లో నాలుగో వంతుకు మూడేసి పాయింట్లు దక్కాయని ఊహించి చూస్తే, అవే షాట్లతో అదే శాతం 54కు చేరుతుంది.