కాఫీ పొడి ఏ మోస్తరుగా ఉండాలి?

రొట్టెకు జొన్నపిండి మెత్తగా ఉండాలి, సంగటికి రవ్వగా ఉండాలి. గిర్నీలో ఏది దేనికో చెప్పి పట్టించుకొని రావడం మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు గృహిణులకు ఎవరూ నేర్పనవసరం లేదు. అయితే కాఫీ విషయంలో చాలా ఇండ్లలో ఈ తెలివి వాడుకలోకి రావడం లేదు. డికాషన్ పలుచనైతే మరో రెండు చెంచాల పొడి వేస్తారు. ఖర్చు పెరుగుతుంది, రుచి మాత్రం కుదరదు.

వేడినీళ్లు పొడిలోని సారాన్ని లాగుతాయి. పొడి ఎంత మెత్తనైతే సారం అంత త్వరగా దిగుతుంది. ఎక్కువసేపు నానితే చేదు కూడా దిగుతుంది. గనుక నీళ్లు, పొడి ఎంతసేపు కలిసి ఉంటాయో చూచి పొడిని ఎంచుకోవాలి.

స్టీలు ఫిల్టరుకు సన్నరవ్వ కంటె మెత్తని పొడి కావాలి. వేళ్ల మధ్య నలిపితే కొద్దిగా పలుకు తగలాలి. మైదావలె ఉంటే రంధ్రాలు మూసుకొని డికాషన్ దిగదు. పొడిని గట్టిగా అదమరాదు.

గిన్నెలో కాచి గుడ్డతో వడకట్టేవారికి బొంబాయి రవ్వవంటి ముతక పొడి మంచిది. మరిగిన నీళ్లు దించి, పొడి వేసి, మూతపెట్టి, నాలుగు నిమిషాల తరువాత వడకట్టాలి. పట్నంలో వాడే ఫ్రెంచ్ ప్రెస్‌కూ ఇదే పద్ధతి. హోటళ్లలోని ఎస్ప్రెస్సో యంత్రం అరనిమిషంలోపే కాఫీ దించుతుంది గనుక దానికి బాగా మెత్తని పొడి వాడుతారు. ఇన్‌స్టంట్ పొడి నీళ్లలో కరిగిపోయేది. దానిని ఫిల్టరులో వేయరాదు.

కొనేటప్పుడు ప్యాకెట్టు చదవండి. చికోరీ అంటే వేయించిన ఒక మొక్క వేరు. అది చిక్కదనం, రంగు ఇస్తుంది గాని కాఫీ కాదు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని నిబంధన ఉన్నది. ఎంత కలిపారో ప్యాకెట్టుపై ఉంటుంది. మన తెలుగువారి అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటువంటి గింజలు తెచ్చుకొంటే మిక్సీని ఆపి ఆపి తిప్పండి; ఏకధాటిగా తిప్పితే పొడి వేడెక్కి వాసన పోతుంది.

పొడిని కొద్దికొద్దిగానే కొని, గాలి, తేమ తగలని డబ్బాలో ఉంచండి. కాఫీ చేదైతే ఈసారి కొంచెం ముతక పొడి, పలుచనైతే కొంచెం మెత్తనిది తెచ్చి చూడండి. ఇంటికి వచ్చిన అతిథికి మంచి కాఫీ ఇవ్వడానికి ఎక్కువ పొడి అక్కరలేదు, తగిన పొడి చాలు.