పదిహేడు విడతల సాఫ్ట్‌వేర్

కొలతలు తీసుకున్న దర్జీ కూడా పెళ్ళి బట్టలైతే మధ్యలో ఒకసారి తొడిగి చూడమంటాడు. కాగితం మీది కొలతల్లో కనిపించని బిగుతు ఒంటిమీద తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ తయారీలోనూ ఇదే చిక్కు. అవసరాలన్నీ మొదటే రాసుకుని, చివర్లో ఒకేసారి అందించే విధానాన్ని ‘జలపాత పద్ధతి’ అంటారు. జలపాతంలో నీరు వెనక్కి ఎక్కదు కదా! మరి అవసరం మధ్యలో మారితే?

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఎదురైనది సరిగ్గా ఈ ప్రశ్నే. స్పేస్ షటిల్‌ను నడిపే ప్రధాన సాఫ్ట్‌వేర్‌ను ఐ.బి.ఎం. రాసింది. అప్పటికి షటిల్ కూడా తయారవుతూనే ఉంది. వాహనంలో మార్పు జరిగితే ప్రోగ్రామూ మారాలి. అందుకని 1977-80 మధ్య 31 నెలల్లో, 17 విడతలుగా దాన్ని తయారుచేశారు. ఒక్కో విడతకు సగటున 8 వారాలు. ప్రతి విడత చివర కొన్ని పనులైనా నిజంగా చేసే ప్రోగ్రామ్ చేతికి వచ్చేది. దాన్ని నడిపి చూసి తేల్చుకున్న మార్పులు తరువాతి విడతలో చేరేవి.

ఇందులో చేయించుకునేవారి బాధ్యత తక్కువేమీ కాదు. “కంప్యూటర్ త్వరగా స్పందించాలి” అంటే ప్రోగ్రామర్‌కు ఏమీ చెప్పనట్టే. “నియంత్రణ లెక్కలు సెకనుకు 25 సార్లు జరగాలి” అంటే అది సూచన. జరిగిందో లేదో కొలిచి చూడవచ్చు. షటిల్‌లో ఆ లెక్కలు నిజంగా అంత వేగంతోనే సాగేవి. అలాగే, తయారైన విడతను చూసి “బాగాలేదు” అంటే చాలదు. ఏ మీట నొక్కితే ఏం జరగాలో, దానికి బదులు ఏం జరిగిందో చెప్పాలి.

అయితే ఈ పద్ధతికి తనదైన ప్రమాదం ఒకటుంది. ఒకచోట సరిదిద్దింది మరోచోట తేడా తేవచ్చు. అందుకే ప్రతి మార్పు తరువాత పాత పరీక్షలు కూడా మళ్ళీ చేస్తారు. విసుగు పుట్టించే పనే, కాని తప్పదు. అంత చేసినా 1981 ఏప్రిల్ 10న షటిల్ మొదటి ప్రయోగం చివరి నిమిషాల్లో ఆగిపోయింది. నాలుగు ప్రధాన కంప్యూటర్లతో అయిదో కంప్యూటర్‌కు సమయం కలవలేదు. వెతికితే, దాదాపు రెండేళ్ళ కిందట చేసిన ఒక మార్పు, ఆ తరువాత ఏడాదికి చేసిన మరో చిన్న మార్పు కలిసి ఈ చిక్కు తెచ్చాయని తేలింది. కంప్యూటర్లను 67 సార్లు ప్రారంభిస్తే ఒక్కసారి మాత్రమే బయటపడే లోపమది. పరీక్షల్లో దాని మూలం ఎవరికీ అంతుపట్టలేదు. కంప్యూటర్లను తిరిగి మొదటినుంచి ప్రారంభించారు. ఈసారి సమయం కలిసింది. ఏప్రిల్ 12న కొలంబియా ఎగిరింది.