నా వల్ల కాదన్నవాళ్లు వేసిన బాట

గోదావరి ఒడ్డున ఒక ఇంజినీరు, సరుకుల లెక్కలు చూసే ఒక ఉద్యోగి, తెలుగు రాని ఒక తమిళుడు, బడి గడప తొక్కని కూలి జనం. ఖమ్మం - భద్రాచలం అడవి అంచున దేవుని పిలుపు విన్నవాళ్ల కథ ఇది.

భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం దగ్గర గోదావరికి అడ్డంగా ఇంగ్లిషువాళ్ల కాలం నాటి ఆనకట్ట ఉంది. సముద్రం నుంచి మధ్య భారతం దాకా గోదావరి మీద పడవలు నడపాలన్నది సర్ ఆర్థర్ కాటన్ కల. రాళ్లు, జలపాతాలు అడ్డొచ్చే చోట ఆనకట్టలు కట్టి, పక్కన లాకుల కాలువలు తవ్వాలని ఆయన పథకం వేశాడు. నైజాం 1860లో భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లిషువాళ్లకు వదులుకున్నాడు. అప్పుడు ఈ పనులు చూస్తున్న అధికారుల్లో రాయల్ ఇంజినీర్స్‌కు చెందిన ఎఫ్.టి. హేగ్ ఒకడు.

హేగ్ చదివింది రాళ్లూ నీళ్లూ కొలిచే చదువు. కళ్ల ముందున్నది మాత్రం కోయ గూడేలు. ఈ జనానికి సువార్త చెప్పే మిషనరీని పంపమని చర్చ్ మిషనరీ సొసైటీని అడిగాడు. మనిషి దొరకలేదు. వచ్చేదాకా చూద్దామని అతను ఊరుకోలేదు. పనిలో తీరిక దొరికినప్పుడు తానే చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ పనుల దగ్గరే సరుకుల విభాగంలో వెంకటరామరాజు అనే ఉద్యోగి ఉండేవాడు. హేగ్ సావాసంలో క్రీస్తును నమ్మాడు. సర్కారు కొలువు, నెల జీతం, పరపతి వదులుకుని కోయల మధ్య సువార్త పనికి దిగాడు. తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. దుమ్ముగూడెం మిషన్ మొదలైంది ఈ ఇద్దరితోనే. ఒకడు ఆనకట్టలు కట్టేవాడు, ఇంకొకడు బస్తాలు లెక్కపెట్టేవాడు. వేదాంత పట్టా ఇద్దరికీ లేదు.

నోరు తిరగనివాడు, చిన్నవాడు, కాపరి

బైబిలు తిరగేస్తే పిలుపు అందుకున్నవాళ్లలో చాలామంది మొదట వెనకడుగు వేసినవాళ్లే అనిపిస్తుంది. మోషే తనకు నోటిమాంద్యం ఉందన్నాడు. యిర్మీయా తాను బాలుడినన్నాడు. గిద్యోను తన కుటుంబమే అల్పమైందన్నాడు. ఆమోసు తాను పశువులు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాడినన్నాడు. వీళ్లలో ఎవరిదీ దొంగ వినయం కాదు, చెప్పింది నిజమే. ఆ నిజాన్ని దేవుడు కాదనలేదు. అయినా పని మాత్రం వాళ్లకే అప్పగించాడు.

డోర్నకల్‌లో ఒక గుడారం

రైలు మార్గాన ఖమ్మానికి ఉత్తరంగా డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్డు వైపు లైను చీలేది అక్కడే. 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య కుటుంబంతో సహా ఇక్కడికి వచ్చాడు. 1874లో తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో పల్లె పాస్టరు కొడుకుగా పుట్టినవాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ పట్టా చేతికి రాలేదు. వైఎంసీఏలో కార్యదర్శిగా పనిచేశాడు. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఆ సంఘం పని చేయడానికి ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని ఈ డోర్నకల్ ప్రాంతమే.

డోర్నకల్‌కు రాకముందు ఊరూరా తిరిగి, సేవకు రండని కాలేజీ కుర్రాళ్లను పిలిచేవాడు. ఆ పిలుపు ఒకరోజు అతనికే తగిలింది: మరి నేనెందుకు వెళ్లకూడదు? వయసు ముప్పై అయిదు, తెలుగు రాదు. పట్నం ఉద్యోగం వదిలి, ఉండటానికి ఇల్లయినా లేని చోట గుడారం వేసుకుని, అక్షరాలు దిద్దుకుంటూ మొదలుపెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అతన్ని డోర్నకల్ బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ‘నల్లవాడు తెల్లవాళ్ల మీద అధికారా?’ అన్నవాళ్లూ ఉన్నారు, వద్దన్న మనవాళ్లూ ఉన్నారు. పట్టా లేని ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఊరు ఇవ్వని అర్హత

అజరయ్య కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది బిషప్పు పదవి కాదు, ఆయన చుట్టూ చేరిన జనం. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. మనం ‘నాకు అర్హత లేదు’ అంటే అది బిడియం. వాళ్లకు ఆ మాట ఊరు చెప్పింది, తాతముత్తాతల నుంచీ చెబుతూనే ఉంది. బావి దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర నీకు అర్హత లేదని విన్న మనిషితో, నువ్వే వెళ్లి పక్క పల్లెకు దేవుడి మాట చెప్పమంటే ఎలా ఉంటుంది?

అజరయ్య సరిగ్గా అదే అడిగాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత ఎవరి చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించేవాడు. సువార్త చెప్పకుండా ఊరుకుంటే తనకే శ్రమ అన్న పౌలు మాటను వాళ్ల నోట పలికించేవాడు. నిన్నటిదాకా ఇంకొకరి చేతి దెబ్బకు వంగిన తల అది. ఇప్పుడు దాని మీద ఉన్నది తన చెయ్యే. ఎవరి అనుమతీ అక్కర్లేని అభిషేకంలా ఉంటుంది నాకు ఆ దృశ్యం.

అలాగని గాలికి వదిలెయ్యలేదు. పల్లె ఉపదేశులను భార్యాపిల్లలతో సహా డోర్నకల్ రప్పించి చదువు చెప్పించాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టమని నేర్పాడు. ఆయన కన్నుమూసేనాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

నేల విడిచిన సాము కాదు

ఈ కథలకు ఇంకో వైపు ఉంది. ‘దేవుడు పిలిచాడు, ఇంక చదువెందుకు?’ అనేవాళ్లు ఇప్పుడూ కనిపిస్తారు. మైకు పట్టుకోవడమే పిలుపనుకుంటారు. అది నేల విడిచిన సాము. దుమ్ముగూడెంలో దశాబ్దాల పాటు ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల భాషనూ ఆచారాలనూ దగ్గర కూర్చుని తెలుసుకున్నాడు. ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో వాటి గురించి వ్యాసాలు రాశాడు. అజరయ్య తెలుగు నేర్చాడు. డోర్నకల్ కెథడ్రల్‌కు ఇంగ్లండు చర్చి నకలు తేలేదు. గుమ్మటాలు, మినార్లు, మన మండపాల స్తంభాలు కలిపి కట్టించాడు. పాతికేళ్ల పని తర్వాత 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. అర్హత లేకుండా బయలుదేరడం తప్పు కాదు, బయలుదేరాక నేర్చుకోకపోవడమే తప్పు.

మీ సంఘంలో ఆదివారం బడి చెప్పేవాళ్లు లేరా? ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి కరువా? గూడెంలో పిల్లలకు అక్షరాలు చెప్పేవాళ్లు లేరా? తగినవాడు రావాలని ఎదురుచూస్తున్నారంటే, ఆ లోటు కనబడింది మీకేనని గుర్తుంచుకోండి. హేగ్‌కు అందిన పిలుపూ అంతే.

ఎగువ గోదావరి పడవల పథకాన్ని సర్కారు 1871లో ఆపేసింది. గొప్ప ఇంజినీర్లు గీసిన ఆ జలమార్గం మధ్య భారతం చేరనే లేదు. సరుకుల లెక్కలు వదిలేసిన ఉద్యోగి మొదలుపెట్టిన పని మాత్రం ఆ ఒడ్డున ఆగలేదు.