ఐ.ఎన్.ఎస్. కురుసుర

ఐ.ఎన్.ఎస్. కురుసుర (ఎస్20) భారత నౌకాదళపు తొలి తరం జలాంతర్గాములలో ఒకటి. ప్రస్తుతం ఇది విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉన్నది. సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరు 18న రీగా రేవులో నౌకాదళంలో చేరింది. అప్పట్లో సూయెజ్ కాలువ మూసివేసి ఉన్నందున, 1970లో ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, మారిషస్ మీదుగా భారతదేశానికి వచ్చింది.

నిర్మాణం

దీని పొడవు 91.3 మీటర్లు. ముందువైపు 6, వెనుకవైపు 4 టార్పెడో గొట్టాలు ఉన్నాయి. సుమారు 75 మంది సిబ్బంది పనిచేసేవారు. నీటిపై డీజిల్ ఇంజన్లతోను, నీటిలోపల బ్యాటరీల విద్యుత్తుతో తిరిగే మోటార్లతోను నడిచేది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే జర్మనీ తన యు-19 జలాంతర్గామిలో అనుసరించిన పద్ధతి ఇదే. దీని బలహీనత కూడా పాతదే: బ్యాటరీలను మళ్ళీ ఛార్జి చేసుకోవడానికి ఇంజన్లకు గాలి కావాలి. అందుకోసం నీటిపైకి గాని, గాలి గొట్టం పైకి తేలేటంత దగ్గరకు గాని రాక తప్పదు. శత్రువు కంట పడే ప్రమాదం ముఖ్యంగా అప్పుడే.

1971 యుద్ధం

1971 నవంబరు 13న కురుసుర అరేబియా సముద్రంలో గస్తీకి బయలుదేరింది. నిర్ణీత హద్దులు దాటరాదని, శత్రునౌక అని రూఢి చేసుకున్న తరువాతే దాడి చేయాలని, ప్రత్యేక ఉత్తర్వు లేనిదే వాణిజ్య నౌకలను ముంచరాదని ఆదేశాలు ఉండేవి. నవంబరు 18న మొదటి గస్తీ ప్రాంతానికి చేరి, 25 తరువాత మరొక ప్రాంతానికి మారింది. నెలాఖరున అక్కడి నుండి వెనుదిరిగి, దారిలో ఐ.ఎన్.ఎస్. కరంజ్‌ను కలిసి ఆదేశాలను అందజేసింది. డిసెంబరు 4 నాటికి బొంబాయి చేరింది. అంతకు ముందురోజు సాయంత్రమే యుద్ధం మొదలైంది. ఆ తరువాత సముద్రంలో మైన్లు అమర్చడానికి దీనిని పంపాలని తలపెట్టి, విరమించుకున్నారు. కురుసుర ముంచిన నౌక ఏదీ లేదు.

డిసెంబరు 3-4 రాత్రి విశాఖ రేవు సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగి, అందులోని 90 మందికి పైగా నావికులు మరణించారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక దాడి వల్ల మునిగిందని భారత్, తన మైన్లే పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతాయి. ఈ ఘటనతో కురుసురకు సంబంధం లేదు. అప్పుడు అది పడమటి తీరాన ఉంది. 2017 నాటి ఘాజీ చలనచిత్రంలో చూపిన రెండు జలాంతర్గాముల పోరు కల్పితం.

ప్రదర్శనశాల

31 సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్ళు తిరిగిన కురుసురను 2001 ఫిబ్రవరి 27న విరమింపజేశారు. ఒడ్డుకు చేర్చి, 2002 ఆగస్టులో సందర్శకులకు తెరిచారు. లోపలి ఇరుకు పడకలను, టార్పెడో గదులను విశ్రాంత నావికులు చూపించి వివరిస్తారు.