వెలుగు ఎటునుంచి, తెర ఎక్కడ?

"మిషను అటుంటే నన్ను గోడకేసి తిరగమంటావేంటి నాయనా?"

ఛాతీ ఎక్స్‌రేకి వచ్చిన పెద్దవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. ప్రభుత్వాసుపత్రిలో రేడియోగ్రాఫరుగా పనిచేసి రిటైరయ్యాను. బయట ఎంతమంది కాచుకుని ఉన్నా ఈ ప్రశ్నకు మాత్రం నిలబడి జవాబు చెప్పేవాణ్ణి. అడగాల్సిన ప్రశ్న అది. ఫొటో స్టూడియోలో కెమెరాకి ఎదురుగా కూర్చుంటాం. ఇక్కడేమో వీపు చూపించి, గడ్డం పైకెత్తి, రొమ్ముని ఫిల్ము ఉండే క్యాసెట్‌కి ఆనించి, భుజాలు ముందుకు వంచి నిలబడాలి.

ఎక్స్‌రే అంటే ఫొటో అనుకుంటారు. అది నీడ. మిషను గొట్టంలో ఒక చిన్న చుక్క దగ్గర పుట్టిన కిరణాలు విచ్చుకుంటూ బయటికొస్తాయి. వస్తువు ఫిల్ముకి దగ్గరగా ఉంటే నీడ అసలు కొలతకి దగ్గరగా పడుతుంది. దూరం జరిగేకొద్దీ నీడ పెరుగుతుంది, అంచులు అలుక్కుపోతాయి. గుండె ఛాతీలో ముందువైపున ఉంటుంది కాబట్టి ఫిల్ముని ముందువైపే ఆనించి, కిరణాలని ఆరడుగుల దూరం నుంచి వీపు మీదుగా పంపుతాం.

లెక్క వేసి చూద్దాం. గుండె ఫిల్ముకి 10 సెంటీమీటర్ల దూరంలో, గొట్టం 180 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. 180ని 170తో భాగిస్తే 1.06. అంటే నీడ ఆరు శాతం పెద్దది. ఇప్పుడు మంచం దిగలేని రోగి కోసం వార్డులోకి పోర్టబుల్ మిషను తోసుకెళ్లి, వీపు కింద క్యాసెట్ పెట్టి, మీటరు ఎత్తు నుంచి తీశాం. ఈసారి గుండె ఫిల్ముకి 15 సెంటీమీటర్లు పైన ఉంది. 100ని 85తో భాగిస్తే దాదాపు 1.18. పన్నెండు సెంటీమీటర్ల గుండె మొదటి ఫిల్ములో 12.7 ఉంటే రెండోదాంట్లో 14 దాటుతుంది. మనిషి మారలేదు, గుండె మారలేదు. అందుకే వెనకనుంచి తీసిన ఫిల్ము మూల 'పీఏ' అనీ, ముందునుంచి తీసినదానికి 'ఏపీ' అనీ గుర్తు పెడతాం. ఆ రెండక్షరాలు చూడకుండా గుండె పెరిగిందని ఎవరూ చెప్పకూడదు.

నా ఉద్యోగం నాకు నేర్పిన పాఠం అక్కడే ఉంది. తెర మీద పడిన బొమ్మలో వస్తువుతో పాటు వెలుగు నిలబడిన చోటు, తెర నిలబడిన చోటు కూడా కలిసిపోయి ఉంటాయి. ఎక్స్‌రే గది దాటి బయటికొచ్చాక కూడా ఈ పాఠం చాలాచోట్ల పనికొచ్చింది.

అసలు ఆ ఒక్క గదిలోనే ఎన్ని రకాల స్క్రీన్లుండేవో చెబుతాను. చక్రాల స్టాండుకి పచ్చబట్ట కట్టిన స్క్రీను ఒకటి, ఆడవాళ్లు గౌను మార్చుకోవడానికి. అది చూపుని ఆపుతుంది. సీసపు రేకు బిగించి, సీసపు గాజు కిటికీ పెట్టిన స్క్రీను ఇంకొకటి. స్విచ్ నొక్కేటప్పుడు నేను దాని వెనక ఉండాలి. అది కిరణాలని ఆపుతుంది. మూడోది క్యాసెట్ లోపల ఉంటుంది, మామూలుగా ఎవరికీ కనబడదు. ఫిల్ముకి అటూ ఇటూ తెల్లటి పల్చటి అట్టలు రెండు. అవి కిరణాలని పట్టుకుని మెరుస్తాయి. ఫిల్ము నల్లబడటానికి అసలు కారణం చాలావరకు ఆ మెరుపే. నేరుగా తగిలే కిరణాల వాటా కొంచెమే. ఆ అట్టలుండబట్టే తక్కువ కిరణాలతో పని అవుతుంది, రోగి ఒంటికి మేలు. పాతవాటి మీద కాల్షియం టంగ్‌స్టేట్ పూత ఉండేది, తర్వాత వచ్చినవాటిలో గడోలినియం.

ఆ అట్టల్ని మెత్తటి గుడ్డతో తుడవడం నాకు పూజలాంటి పని. అట్ట మీద ఒక దుమ్ము రేణువు పడినా అక్కడ వెలుగు ఫిల్ముకి చేరదు, కడిగాక అక్కడొక తెల్లచుక్క మిగులుతుంది. ఆ చుక్క ఊపిరితిత్తి మీద పడిందంటే, లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు. ఒకే క్యాసెట్‌తో తీసిన ఫిల్ములన్నిటిలో ఒకేచోట చుక్క కనిపిస్తే అది రోగిది కాదు, స్క్రీనుదని గుర్తుపట్టాలి. ఇక టీబీ స్క్రీనింగ్ క్యాంపులని ఊళ్లకి వెళ్లేవాళ్లం. జబ్బు లక్షణాలు లేనివాళ్లని కూడా జల్లెడ పట్టి, అనుమానం ఉన్నవాళ్లని కళ్లె పరీక్షకి పంపడం ఆ పని. అక్కడ ఫిల్ము చెప్పేది అనుమానమే. రోగం ఖాయం చేసేది తర్వాతి పరీక్ష. ఆ రెంటినీ కలిపేసుకుని భయంతో ఏడ్చిన ఎన్నో కుటుంబాలని కూర్చోబెట్టి ఓదార్చాను.

ఈ విద్య పుట్టుక కూడా ఒక తెర దగ్గరే. 1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త తన గొట్టాన్ని నల్లటి అట్టతో కప్పి, గది చీకటి చేసి కరెంటు పంపాడు. కాస్త దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన కాగితపు తెర మెరిసింది. మధ్యలో చెయ్యి పెడితే ఎముకల నీడ పడింది. డిసెంబర్ 22న భార్య చేతిని తీసిన చిత్రం లోకమంతా తిరిగింది. ఆయన తన వ్యాసాన్ని అక్కడి శాస్త్ర సంఘానికి ఇచ్చింది డిసెంబర్ 28న. సరిగ్గా అదే రోజు పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి మొదటిసారి సినిమా వేశారు. ఒంటి లోపలిది చూపే తెర, ఊరూవాడా చూపే తెర ఒకే రోజున లోకం ముందుకొచ్చాయి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నా ఉద్యోగం మీద నాకు గౌరవం ఇంకాస్త పెరిగింది.

మనకైతే తెర వాళ్లకంటే చాలా ముందే తెలుసు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నాయి. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. మేకతోలుని వెలుగు సాగేంత పల్చగా చేసి, రంగులద్ది, నగలున్నచోటల్లా రంధ్రాలు కొడతారు. ఆట జరిగేటప్పుడు తెర వెనక్కి వెళ్లి చూడండి. రాముడు మాట్లాడేటప్పుడు బొమ్మని తెల్లబట్టకి అదిమి పట్టుకుంటారు. ప్రతి రంధ్రం, ప్రతి రంగు స్పష్టంగా పడుతుంది. బొమ్మని తెర నుంచి వెనక్కి, దీపంవైపు లాగితే ఆకారం పెరిగి, అంచులు మసకబారతాయి. క్యాసెట్‌ని రొమ్ముకి ఆనించమని నేను చెప్పిన మాటే అది. వాళ్లు పుస్తకం చదివి నేర్చుకోలేదు. తరతరాలుగా చేతికి అబ్బిన లెక్క.

సినిమా హాల్లో కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పెరగడమే ముఖ్యం. 35 ఎంఎం ఫిల్ములో బొమ్మ వెడల్పు రెండు సెంటీమీటర్లకి కొంచెం ఎక్కువ. 30 అడుగుల తెర మీద పడేసరికి అది 400 రెట్లకి పైగా పెరుగుతుంది. ఫిల్ము మీద పదో వంతు మిల్లీమీటరు గీత తెర మీద నాలుగు సెంటీమీటర్ల చార అవుతుంది. రీళ్ల కాలంలో పాత ప్రింట్లలో కురిసిన వాన అదే. సినిమాస్కోప్‌లో ఇంకో విచిత్రం: బొమ్మని పక్కలనుంచి సగానికి నొక్కి ఫిల్ము మీద ఎక్కిస్తారు, ప్రొజెక్టరుకి తగిలించిన లెన్సు మళ్లీ రెండింతలు చాపుతుంది. 1974లో 'అల్లూరి సీతారామరాజు' వచ్చినప్పుడు ఆ లెన్సు లేకుండా వేస్తే జనానికి సన్నగా, పొడుగ్గా సాగిన మనుషులు కనిపించేవాళ్లు. ఇంకో మాట. హాల్లో తెరకి దగ్గరగా వెళ్లి చూస్తే సన్నటి రంధ్రాలుంటాయి. స్పీకర్లు దాని వెనకే ఉంటాయి. వెలుగుని ఆపి, శబ్దాన్ని వదలాలి కదా.

మళ్లీ నా గదికి వద్దాం. చెయ్యి విరిగి వచ్చినవాడికి రెండు ఫిల్ములు తీస్తాం, ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి. డబ్బుల కోసం అనుకునేవాళ్లున్నారు. విరిగిన ముక్క సరిగ్గా వెనక్కి జరిగితే ఎదురు ఫిల్ములో ఎముక ఒకటే గీతలా, ఏమీ కానట్టు ఉంటుంది. పక్కఫిల్ములో మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. నీడలో లోతు ఉండదు. రెండో వైపు నుంచి వెలుగు వేస్తే తప్ప అది బయటపడదు.

మా మేనల్లుడు ఐటీఐలో ఫిట్టరు చదివేటప్పుడు డ్రాయింగు షీటు తెచ్చి చూపించాడు. "మామయ్యా, మీరు చేసేదే మేమూ గీస్తాం" అన్నాడు. ఇనుప ముక్క ఒకటే, ఎదురు చూపు, పై చూపు, పక్క చూపు. మన దేశంలో ప్రమాణంగా వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో చూసేవాడికీ కాగితానికీ మధ్యన వస్తువు ఉంటుంది, గొట్టానికీ ఫిల్ముకీ మధ్యన రోగి ఉన్నట్టే. అందుకే పై చూపు కిందకి వస్తుంది, ఎడమ చూపు కుడికి వస్తుంది. అమెరికావాళ్ల థర్డ్ యాంగిల్‌లో కాగితమే మధ్యన ఉంటుంది, అన్నీ తారుమారు. షీటు మూలనున్న చిన్న కోను గుర్తు చూడకుండా పని మొదలుపెడితే రంధ్రం అటుండాల్సింది ఇటు పడుతుంది. నా ఫిల్ము మూలనున్న రెండక్షరాలకి అన్నదమ్ముడు ఆ గుర్తు.

పటాలకి అలాంటి గుర్తు ఎవరూ చూడరు. అదే నా బాధ. అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకి వెళ్లేటప్పుడు సీటు ముందున్న బుల్లితెర మీద విమానం దారి ఉత్తరానికి వంగి, గ్రీన్‌లాండ్ వైపు ఎక్కి, మళ్లీ కిందికి దిగింది. పక్కసీటు ఆయన "ఇంత చుట్టు తిప్పుతున్నారేంటండీ" అని నిజంగానే కంగారు పడ్డారు. గ్లోబు మీద దారం లాగి చూస్తే అదే దగ్గరదారి. వంకర దారిలో లేదు, పటంలో ఉంది.

జూన్‌లో బడి తెరిచేటప్పుడు పిల్లల పుస్తకాలకి అట్టలు వేస్తాం కదా. అదే అట్ట ఒక బంతికి వేసి చూడండి. ఎక్కడో ఒకచోట ముడతపడుతుంది, లేదా చిరుగుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదకి దించితే కొలతలన్నీ ఒకేసారి సరిగ్గా దక్కవని 1827లో గౌస్ గణితంతో రుజువు చేశాడు. దేన్ని కాపాడుకోవాలో గీసేవాడే ఎంచుకోవాలి. 1569లో పటం గీసిన మెర్కేటర్ ఓడలు నడిపేవాళ్ల కోసం దిక్కుని కాపాడాడు, విస్తీర్ణాన్ని వదులుకున్నాడు. ఆ పటంలో హైదరాబాదు దగ్గర సాగుడు ఐదు శాతమే, ఇంచుమించు మన ఛాతీ ఫిల్ము అంత. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు, విస్తీర్ణం నాలుగింతలు. అందుకే దాదాపు 22 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండ్ దాదాపు 33 లక్షల భారతదేశం కంటే ఎన్నో రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఆఫ్రికా అయితే గ్రీన్‌లాండ్‌కి 14 రెట్లు. పిల్లలు బడి గోడ మీద ఏళ్ల తరబడి చూసే పటంలో ఆ రెండూ ఇంచుమించు సమానంగా ఉంటే, ఏ దేశం ఎంతటిదన్న అంచనా వాళ్లలో అలాగే స్థిరపడిపోతుంది. ప్రతి బడిలో పటం పక్కన ఒక గ్లోబు ఉండి తీరాలని నేను గట్టిగా అంటాను.

అంకెలకీ ఇదే వర్తిస్తుంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో, జనాభా గురించి ఆ తర్వాత మనం విన్న లెక్కలన్నీ ప్రధానంగా 2011 నుంచి ముందుకి వేసిన నీడలే. జననాల రేటు ఎంతని ఊహిస్తే నీడ అంత పొడుగు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకి సగటున పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పాత రేటుతో ముందుకి లాగిన అంచనాకీ దీంతో లాగిన అంచనాకీ పొంతన ఉండదు.

ఇలా నీడ వేయడాన్నే ఇంగ్లీషులో ప్రొజెక్షన్ అంటారు. మనసు డాక్టర్లు చెప్పే ప్రొజెక్షన్‌ది వేరే దారి. తనలోని కోపమో భయమో ఎదుటివాడిలో ఉందనుకోవడం. వాళ్ల పుస్తకాల్లో స్క్రీను మరుపుకి సంబంధించింది: ఒక చిన్న జ్ఞాపకం ముందుకొచ్చి, వెనకనున్న పెద్ద జ్ఞాపకాన్ని కప్పేయడం. 1899లో ఫ్రాయిడ్ దాని గురించి రాశాడు. అది నా విద్య కాదు కాబట్టి ఇంతకంటే మాట్లాడను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ సీటీ స్కానుది. ఒక నీడతో వస్తువు తెలియదు, రెండు నీడలతో కొంత తెలుస్తుంది. అన్ని వైపుల నుంచీ నీడలు తీస్తే? వస్తువుని తిరిగి కట్టొచ్చని 1917లో రాడాన్ అనే గణితవేత్త చూపించాడు. కంప్యూటరు లేని రోజుల్లో అది కాగితం మీదే ఉండిపోయింది. మన ఇళ్లలో మోగిన హెచ్ఎంవీ రికార్డుల మాతృసంస్థ ఈఎంఐలో పనిచేసిన హౌన్స్‌ఫీల్డ్ ఆ పని చేసే మిషను తయారుచేశాడు. ఒక్కో కోణంలో 160 కొలతలు, డిగ్రీ డిగ్రీకి తిప్పుతూ 180 కోణాలు. ఒక్క ముక్క కోసం 28,800 కొలతలు. 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి మెదడు లోపలిభాగం, పుర్రె తెరవకుండా, పొర పొరగా కనిపించింది. 1979లో ఆయనకీ, ఇదే దారిలో పనిచేసిన కార్మాక్ అనే మరో శాస్త్రవేత్తకీ కలిపి నోబెల్ ఇచ్చారు.

ఇన్ని వైపుల నుంచి వెలుగు వేస్తే ఆ వెలుగంతా రోగి ఒంట్లోంచే పోవాలి. ఒక ఛాతీ సీటీకి పట్టే కిరణాలు ఒక ఛాతీ ఎక్స్‌రేకి పట్టేవాటికి పదుల రెట్లు. "ఎక్స్‌రే ఎందుకండీ, ఒకేసారి స్కాను రాసేయండి" అని డాక్టరుని ఒత్తిడి చేసేవాళ్లని చాలామందిని చూశాను. దయచేసి అలా అడగకండి, పిల్లల విషయంలో మరీనూ. అవసరమైతే డాక్టరే రాస్తారు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఏ కాస్త ఉన్నా, సిగ్గుపడకుండా గదిలోకి అడుగుపెట్టకముందే టెక్నీషియన్‌తో చెప్పండి.