పన్నెండు గంపల పాఠం

ఐదు రొట్టెలు, రెండు చిన్న చేపలతో ఐదు వేలమంది పురుషులకు కడుపునిండా భోజనం పెట్టిన యేసుప్రభువు విందు ముగిశాక శిష్యులకు మరో పని అప్పగించాడు. మిగిలిన ముక్కల్లో ఏదీ వ్యర్థం కాకుండా పోగుచేయమన్నాడు. అలా పోగుచేస్తే పన్నెండు గంపలు నిండాయని యోహాను సువార్త 6వ అధ్యాయం చెబుతోంది. లేనిదాన్ని సృష్టించగల దేవుడు ఉన్నదాన్ని పారేయనివ్వలేదు!

మరి మన ప్రేమవిందు ముగిశాక ఏం మిగులుతోంది? చర్చి వెనుక ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, ఎంగిలి మెతుకులు. అంతా కుప్పచేసి అగ్గిపుల్ల గీస్తే శుభ్రమైపోయిందనుకుంటాం. కానీ ఆ విషపు పొగను పీల్చేది పక్కింటి పసివాళ్లు, ముసలివాళ్లు. పొరుగువారిని ప్రేమించాలన్న ఆజ్ఞ అక్కడే మసిబారుతోంది.

ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. వాటి స్థానంలో కొత్త సరుకు, దానితోపాటు కొత్త మాటలూ వచ్చాయి. వాటి అర్థం తెలియకపోతే మంచి చేస్తున్నామనుకుంటూనే మోసపోతాం.

'బయోడిగ్రేడబుల్' అంటే సూక్ష్మజీవుల వల్ల కుళ్లి ప్రకృతిలో కలిసిపోయేది. అరటాకు, అడ్డాకుల విస్తరి అలాంటివే. అయితే ఎంతకాలానికి కలుస్తుందో ఆ మాట చెప్పదు. 'కంపోస్టబుల్' అంటే ఎరువుగా మారేది. కానీ ఆ ముద్ర ఉన్న ప్లాస్టిక్ సంచులు చాలావాటికి సుమారు 60 డిగ్రీల వేడి ఉండే ఎరువు కేంద్రాలు కావాలి. కాలువలో పారేస్తే అవి అంత తొందరగా కుళ్లవు. 'రీసైక్లింగ్' అంటే వాడేసిన వస్తువు నుంచి మళ్లీ పనికొచ్చే వస్తువు తయారుచేయడం. సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకె అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుందే తప్ప, రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. పేపర్ కప్పు కూడా అంతే. టీ కారకుండా చాలా కప్పుల లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది.

కీడు చేసే సరుకుకు పచ్చరంగు పూసి మేలైనదిగా అమ్మడాన్ని 'గ్రీన్‌వాషింగ్' అంటున్నారు. పైకి సున్నం, లోపల కుళ్లు ఉన్న సమాధులతో ప్రభువు పరిసయ్యులను పోల్చింది గుర్తుందా? రంగు మారిందంతే, పాపం పాతదే. చర్చి గోడమీద 'సృష్టిని కాపాడుదాం' అని రాసి, గోడ వెనుక చెత్త తగలబెట్టడం కూడా ఆ కోవలోనిదే.

ఏదెను తోటను సాగుచేసి కాపాడే పనిని దేవుడు ఆదాముకు అప్పగించాడు. తోట ఆయనదే, మనం కాపలాదారులమే. అందుకే వచ్చే ప్రేమవిందులో స్టీలు పళ్లాలు వాడి, తలా ఒక చేయివేసి కడుగుదాం. పన్నెండు గంపలు అక్కర్లేదు, రెండు చాలు. ఒకటి తడి చెత్తకు, మరొకటి పొడి చెత్తకు!