అమరావతిలో అమ్మమ్మ

వృద్ధులతో తీర్థయాత్రకు బయలుదేరిన విద్యార్థికి మొదట విసుగు కలుగుట సహజము. వారు మెల్లగా నడతురు; నీడ కనబడిన చోటనెల్ల కూర్చుందురు. అయితే అమరావతి వంటి చోటును చూచుటకు ఆ నడకయే తగినది.

పంచారామములలో ఒకటైన అమరేశ్వరాలయమున దర్శనమైనంతనే అమ్మమ్మ యాత్ర ముగియును. అచటి తెల్లని శివలింగము మిక్కిలి ఎత్తైనది. అర్చకులు పైకెక్కి అభిషేకము చేయుదురు. మనుమని యాత్ర మాత్రము ఊరిలోని మహాచైత్యము కడ మొదలగును. పాఠ్యపుస్తకమున చూచిన శిల్పములకై అతడు వెదకును. కనబడునది పచ్చిక నడుమ ఒక గుండ్రని దిబ్బ.

1797లో కాలిన్ మెకంజీ వచ్చునప్పటికే, రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించుచున్న పట్టణమునకై ఆ రాళ్ళను పెకలించుచుండిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన పలకలు మద్రాసు చేరినవి. వానిలో అనేకము 1859లో లండనుకు ఓడ యెక్కినవి. కొనిపోయిన వారిని నిందించుట సులభము. ముందుగా పెరికినది మనవారే కదా!

“నీ పుస్తకంలో బొమ్మలేవిరా?”

“చాలావరకు చెన్నైలో, లండనులో ఉన్నాయి అమ్మమ్మా.”

ఆమె కొంతసేపు మాటాడదు. పిదప లేచి, దిబ్బ చుట్టు ప్రదక్షిణము మొదలుపెట్టును. పరీక్షలో ‘ప్రదక్షిణపథము’ అని వ్రాసి మార్కులు తెచ్చుకొన్న మనుమడు ఎదురు దిక్కున నడువబోగా చేయిపట్టి ఆపును.

“అటు కాదురా. కుడిచేతివైపు ఉండాలి.”